చీటీలో ఏ భాష వస్తే ఆ భాష

మా వీధిలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఈమధ్య నన్ను కనిపించినచోటల్లా నిలబెట్టేస్తున్నారు. కూరగాయల బండి దగ్గర కూడా వదలడం లేదు. "ఆంటీ, ఒక్క లాంగ్వేజ్ గట్టిగా నేర్చుకోవాలా, నాలుగైదు నేర్చుకోవాలా?" అందరిదీ ఇదే ప్రశ్న. బెండకాయ లేతదో ముదురుదో చూసుకునే తీరిక కూడా ఇవ్వరు. ప్రోగ్రాములు రాసి రిటైరైన మనిషి మా వీధి మొత్తానికి నేనొక్కదాన్నే కావడం నా ఖర్మ.

పైగా ఒక్క మాటలో చెప్పమంటారు. ఒక్క మాటలో చెప్పగలిగేదైతే నేను అన్నేళ్ళు కళ్ళు పోగొట్టుకున్నది దండగే అవుతుంది. అందుకని కూర్చుని రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. వచ్చినవే తక్కువ, వాటి గురించి చెప్పుకోవలసింది ఇంకా తక్కువ. నేను ఎక్కువ కాలం పనిచేసిన ఒక ఆఫీసు గురించీ, దాని యజమాని గురించీ, అక్కడ నాతో పనిచేసిన ఒక మొండి మనిషి గురించీ చెబుతాను. ఇది చదివాక కూడా "అయితే ఒకటా, నాలుగా?" అని అడిగేవాళ్ళతో నేను మాట్లాడను.

వలల కొట్టు మీద

మా ఆఫీసు నెల్లూరులో వలలూ, తాళ్ళూ, పడవ ఇంజన్ల సామాన్లూ అమ్మే కొట్టు మీది అంతస్తులో ఉండేది. మెట్లెక్కుతుంటే కొత్త నైలాన్ వాసన వచ్చేది. కింది కొట్టూ, పైన కంపెనీ రెండూ ఆర్ముగం గారివే. ఆయనది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టుకు బతికే కుటుంబం. ఆయన మాత్రం వలల వ్యాపారంలోకి దిగి నిలదొక్కుకున్నారు. కొట్టు లెక్కల కోసం ఎవరో చేసిచ్చిన ప్రోగ్రాం మాటిమాటికీ ఆగిపోతుంటే విసిగి, "ఆ చేసేవోళ్ళను మనమే పెట్టుకుంటే పోయె గదా" అని కంపెనీయే పెట్టేశారు. ఇంతకన్నా తక్కువ ఆలోచనతో మొదలైన కంపెనీ జిల్లాలో మరొకటి ఉండదు. అయినా నడిచింది. రొయ్యల ఫ్యాక్టరీలు, రొయ్య పిల్లల్ని పెంచే హేచరీలు, మేత డీలర్లు, రైసు మిల్లులు, మందుల షాపులు, ఇలా చాలామంది మా దగ్గరికే వచ్చేవాళ్ళు.

మేం ఐదుగురం. నాది సి భాష. తూకం కాటా చెప్పే బరువు కంప్యూటర్‌కు చేరేలా చూడడం నా పని. సుధాకర్‌ది పీహెచ్‌పీ, హేమది పైథాన్. ప్రవీణ్‌ది జావా అని ఉదయం పూట చెప్పవచ్చు, సాయంత్రానికి ఏమిటో అతనికే తెలియదు. బుర్ర చురుకు. ఏ కొత్త భాష పేరు విన్నా ఆ వారమే నేర్చేసేవాడు. ఏ భాషలోనూ ఒక్క పని చివరిదాకా చేసిన పాపాన మాత్రం పోలేదు.

ఐదోవాడు పెంచలయ్య. అతనిది ఫాక్స్‌ప్రో. ఇప్పటి పిల్లలు ఆ పేరు వినుండరు. ఒకప్పుడు మన వైపు మిల్లుల్లోనూ మందుల షాపుల్లోనూ ఎక్కడ చూసినా అదే. తర్వాత దాన్ని తయారుచేసినవాళ్ళే వదిలేశారు. పెంచలయ్య వదల్లేదు.

సరస్సు న్యాయం

ఒకరోజు ఆర్ముగం గారు పైకి వచ్చి మమ్మల్నందర్నీ తేరిపార చూశారు. ప్రవీణ్ ఏసీ కింద, కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. కొత్త కస్టమర్లందరూ అతని కోసమే వస్తున్నారు. పెంచలయ్య మూలన, ప్రింటర్ పక్కన, నలుగురు పాత కస్టమర్లతో ఉన్నాడు. ఆర్ముగం గారి మొహం మాడిపోయింది.

"ఇది అన్యాయం సుగుణమ్మా," అన్నారు నాతో. "సరస్సులో అన్ని తావులూ ఒకటి గాదు. ముఖద్వారం కాడ రొయ్య పడతాది. లోపలికి పోతే బురదే. ఒక్కడే మంచి తావు పట్టుకోని కూచుంటే మిగతావోళ్ళు ఏం తినాల? అందుకే మా తాతల నాటి నుంచీ చీటీలేస్తాం. ఈ దఫా మంచి తావు నీదైతే వచ్చే దఫా నాది. ఈడ జూస్తే జావా అబ్బయికి రొయ్యలు, పెంచలయ్యకు బురద. రేపు అమావాస్య. చీటీలేద్దాం."

వాళ్ళ ఊళ్ళలో ఈ వంతుల పద్ధతిని పాడు అంటారు. నిజంగానే ఎన్నో తరాలుగా నడుస్తున్న న్యాయమైన కట్టుబాటు అది. కాకపోతే దాన్ని ప్రోగ్రామర్ల మీద ప్రయోగించినవాడు ప్రపంచంలో ఈయనొక్కడే అని నా నమ్మకం. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

మర్నాడు ఆఫీసులో వాళ్ళ ఊరి అమ్మవారి పటం, దాని ముందు రొయ్యల బుట్ట ఒకటి వెలిశాయి. బుట్ట కడిగారు గానీ వాసన పోలేదు. ఎవరి చేతిలో ఉన్న భాషను వాళ్ళు చీటీ మీద రాసి, మడిచి, బుట్టలో వెయ్యాలి. తర్వాత తలా ఒకటి తియ్యాలి. ఏ భాష వస్తే ఆ నెలంతా ఆ భాషే, దాని కస్టమర్లే. అలగకూడదు, మార్చుకోకూడదు. ఒకరి వంతులో ఇంకొకరు వేలు పెట్టకూడదు. అదీ కట్టుబాటు.

మొదటి నెల నా సి సుధాకర్‌కు వచ్చింది. వాడు పుస్తకం తెరిచి, కాసేపు చదివి, నా వైపు తిరిగాడు. "ఏందక్కా ఇది, మెమరీ నేనే తీసుకోవాల, పనైనాక నేనే ఎత్తిపెట్టాల? ఇంట్లో గిన్నెలూ నేనే కడగతా ఉండా గదా!"

కస్టమర్లు మాత్రం త్వరగానే అలవాటు పడ్డారు. నాయుడుపేటలో ఒక రైసు మిల్లు గుమాస్తా నెల మొదట్లో ఫోన్ చేసి, "ఈ నెల ఎవురి వంతమ్మా?" అని అడిగేవాడు. "ప్రవీణ్‌ది" అంటే, "సరే, ఈ నెల చేత్తోనే రాసుకుంటాంలే" అని పెట్టేసేవాడు.

ఇంకో తమాషా ఉంది. చీటీలో ఏ భాష వచ్చినా ఎవరి మనసు వాళ్ళ పాత భాష మీదే ఉండేది. ఎవరూ చూడనప్పుడు తమ భాషలో ఒక ముక్క రాసి అతికించేవాళ్ళు. కొన్ని నెలలు తిరిగేసరికి ఆ మిల్లు బిల్లులో పైనున్న అడ్రసు పీహెచ్‌పీ, మధ్యలో బస్తాల లెక్క పైథాన్, కింద మొత్తం జావా అయ్యాయి. బిల్లు నాయుడుపేట ఆర్డినరీ బస్సులాగా ప్రతి స్టాపులోనూ ఆగి ఆగి బయటికి వచ్చేది. అది ఎక్కడ చెడిందో కనుక్కోవాలంటే వాళ్ళు ముగ్గురూ కూర్చోవాలి. కూర్చుంటే వంతు తప్పినట్టు.

ఆర్ముగం గారి పద్ధతుల్లో ఒకటి మాత్రం ఈనాటికీ నాకు ముద్దే. వేసవిలో సముద్రం మీద వేట నిషేధం ఉంటుంది కదా. పడవలు ఒడ్డునుంటాయి, జనం వలలు బాగుచేసుకుంటారు. ఆయన మాకూ నిషేధం పెట్టేశారు. ఆ రోజుల్లో కొత్తగా ఒక్క లైను రాయకూడదు. ఉన్నవాటి చిరుగులు కుట్టుకోవాలి. మేం నవ్వుకుంటూ చేశాం గానీ, ఏడాది పొడుగునా మా ప్రోగ్రాములు నిలబడ్డాయంటే ఆ రోజుల చలవే. మీరు చేరబోయే పెద్ద కంపెనీల్లో ఇలాంటి ఏర్పాటు ఉండదు. ఉంటే నాకు చెప్పండి, వచ్చి చూసి వెళతాను.

నా మీద పంచాయితీ

ఒక మధ్యాహ్నం సముద్రం ఒడ్డు హేచరీ నుంచి ఫోన్. రొయ్య పిల్లల్ని ఆక్సిజన్ నింపిన కవర్లలో సర్ది వ్యాను ఎక్కించారు. బిల్లు రావడం లేదు, బిల్లు లేనిదే గేటు తియ్యరు. ఎండ మండిపోతోంది. "కవర్లు వేడెక్కతా ఉండాయక్కా, పిల్లలు చచ్చిపోతాయి," అని అవతలి మనిషి ఏడవడం ఒక్కటే తక్కువ. ఆ నెల ఆ ప్రోగ్రాం వంతు సుధాకర్‌ది. వాడు పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. తప్పు ఎక్కడుందో నాకు కనిపిస్తోంది. ఒక్క లైను మార్చాను. వ్యాను కదిలింది.

మర్నాడు నన్ను పంచాయితీకి పిలిచారు. ఆర్ముగం గారు అమ్మవారి పటం ముందు కుర్చీ వేసుకున్నారు. హేమ, ప్రవీణ్ పెద్దమనుషులు. సుధాకర్ బుగ్గ వాచిపోయి ఫిర్యాదీ స్థానంలో ఉన్నాడు.

"నీ వంతు గాని నీళ్ళలో వల ఏసినావా, లేదా?"

"వేశానండీ. లేకపోతే పిల్లలు చచ్చిపోయేవి."

"ఎవురి పిల్లలు?" ఆర్ముగం గారు కంగారుపడ్డారు.

"రొయ్య పిల్లలు."

ఆయన కాస్త మెత్తబడ్డారు. రొయ్య పిల్ల విలువ ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ కట్టుబాటు కట్టుబాటే. ఊళ్ళో వంతు తప్పినవాణ్ణి కొన్నాళ్ళు వేటకు పోనివ్వరట. కాబట్టి నేను వారం రోజులు కీబోర్డు ముట్టకూడదు. జీతం మాత్రం ఇస్తారు. మౌసు ముట్టవచ్చా అని అడిగాను. పెద్దమనుషులు పక్కకు వెళ్ళి గుసగుసలాడుకున్నారు. ఆర్ముగం గారు తీర్పు చెప్పారు: "మౌసంటే తెడ్డు. వల గాదు. పట్టుకోవచ్చు."

ఆ వారమంతా మౌసు పట్టుకుని, వేరే పనేమీ లేక, మిగిలినవాళ్ళు రాసినవన్నీ చదివాను. అంతకుముందు ఎప్పుడూ ఇంకొకరి ప్రోగ్రాం కథలాగా మొదటినుంచీ చివరిదాకా చదవలేదు. హేమ ఎక్కడ భయపడుతూ రాసిందో, ప్రవీణ్‌కు ఎక్కడ విసుగొచ్చి వదిలేశాడో కనిపించేది. నేను రాసినదాన్ని చదివితే వాళ్ళకూ నా గుణం ఇంత తేటగా కనిపిస్తుందా అని సిగ్గేసింది. నా ఉద్యోగంలో నేను నిజంగా చదువుకున్న వారం అదే. రాయడం ఒక్క భాషలో బాగా వస్తే బతకవచ్చు. చదవడం మాత్రం పక్కవాళ్ళ భాషల్లోనూ రావాలి. ఇది నా అభిప్రాయం. మీకు నచ్చకపోతే మీ ఇష్టం.

పెంచలయ్య చేను

ఈ గొడవంతా జరుగుతున్నంత కాలం పెంచలయ్య బుట్టలో చెయ్యి పెట్టలేదు. మొదటి నెల జ్వరమన్నాడు. రెండో నెల మైల అన్నాడు. తర్వాత కారణాలు చెప్పడం కూడా మానేశాడు. మేం నలుగురమే నాలుగు చీటీలతో తిరుగుతూ ఉండేవాళ్ళం.

అతనిది తోటపల్లి గూడూరు వైపు వరి పండించే కుటుంబం. పొద్దున్నే రాగానే తన ఫైళ్ళన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసి మూసేవాడు. పనేమీ లేకపోయినా సరే. నీళ్ళు ఎక్కాయో లేదో చూసుకోవడానికి చేను చుట్టూ తిరిగొచ్చే రైతు వాలకమే. ఇంకెవరైనా అతని కుర్చీలో కూర్చుంటే లేచేదాకా పక్కనే నిలబడేవాడు.

ఆర్ముగం గారికీ అతనికీ రోజూ వాదనే.

"చేన్ని అమావాస్యకొకడికి మారస్తామా అన్నా?" అనేవాడు పెంచలయ్య. "ఈ నెల నేను కలుపు దీస్తే, వచ్చే నెల ప్రవీణొచ్చి తొక్కి పోతాడా?"

"నీళ్ళకు గట్లుంటాయా పెంచలయ్యా?"

"లేవు గాబట్టే మీవోళ్ళు గట్లు బాగుచెయ్యరు. సరస్సును సరస్సే బాగుచేసుకుంటాది. మా చేను అట్టా చేసుకోదన్నా."

"చేను ఉప్పు దేలితే?" అని ఒకసారి ఆర్ముగం గారు నోరు జారారు. అన్నాక నాలుక కరుచుకున్నారు.

పెంచలయ్య చేను నిజంగానే ఉప్పు తేలింది. చుట్టుపక్కలవాళ్ళు రొయ్యల గుంటలు తవ్వారు. ఉప్పు నీళ్ళు ఊరి ఊరి ఇతని మడిలోకి దిగాయి. ఇతను మాత్రం గుంట తవ్వనన్నాడు. చివరికి వరీ లేదు, రొయ్యా లేదు. ఇద్దరు చదువుకునే పిల్లలు, ఈ ఒక్క ఉద్యోగం. అతనికి ఉన్నదల్లా అదే.

అప్పుడే ముత్తుకూరు రోడ్డులో ఉన్న రొయ్యల ఫ్యాక్టరీ కబురు పెట్టింది. పెంచలయ్య నలుగురు కస్టమర్లలోకీ పెద్దది అదే. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే ఎంత రేటు, ఐసు కింద ఎంత తగ్గించాలి, ఇదంతా పెంచలయ్య ఫాక్స్‌ప్రోలోనే నడిచేది. పాతది తీసేసి జావాలో కొత్తది కావాలన్నారు. ఆ నెల జావా ప్రవీణ్ చేతిలోనే ఉంది, మొదలుపెట్టేశాడు కూడా. అది పూర్తయితే పెంచలయ్యకు మిగిలేది మూడు మందుల షాపులు.

ఆర్ముగం గారు పైకి వచ్చారు. కూర్చోలేదు.

"పెంచలయ్యా, వచ్చే అమావాస్యకు బుట్టలో చెయ్యి పెట్టు. పెట్టకపోతే నీకీడ తావు లేదు. ఇష్టమయ్యి చెప్పడం లేదబ్బయా."

"తెలుసన్నా," అన్నాడు పెంచలయ్య.

ఆ రోజంతా ఆర్ముగం గారు కింద కొట్లోనే కూర్చుని, కొనడానికి వచ్చినవాళ్ళందర్నీ కసురుకున్నారు. అంతకుముందు ఆయన ఎవర్నీ తీసేసింది లేదు.

నేను పెంచలయ్య దగ్గరికి వెళ్ళాను. "చెయ్యి పెడితే ఏం పోతుందయ్యా? ఏదొచ్చినా నేను నేర్పుతాను."

"ఈ వయసులో నాకు నేర్పతావా అక్కా? పలక కొనిచ్చి ఓనమాలు దిద్దిస్తావా?"

ఇంటి దగ్గర వాళ్ళావిడ ఏం చెప్పిందో తెలియదు గానీ మూడో నాటికి కాస్త దిగివచ్చాడు. చెయ్యి పెడతానన్నాడు. తన ఫాక్స్‌ప్రో తనకే వస్తే ఉంటాడు. ఇంకేదొచ్చినా సంచీ తీసుకుని వెళ్ళిపోతాడు. ఐదు చీటీల్లో ఒకటి. "ఇన్నేళ్ళూ వాన రావాల్సినప్పుడే రాలేదు. చీటీ వస్తాదా?" అని తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అమావాస్య

అందరం చీటీలు రాశాం. ఆ నెల నా చేతిలో ఉన్నది పీహెచ్‌పీ. నేను ఫాక్స్‌ప్రో అని రాసి మడిచి వేశాను. బుట్టలో ఒకటికి రెండు ఫాక్స్‌ప్రోలుంటే పెంచలయ్యకు ఆశ రెట్టింపవుతుంది కదా. ఎవరికీ చెప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సుధాకర్ మొదట తీశాడు. విప్పి చదివాడు: "ఫాక్స్‌ప్రో."

పెంచలయ్య కుర్చీకి తగిలించిన సంచీ అందుకున్నాడు. ఇంకోటి ఉందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

హేమ తీసింది. "ఫాక్స్‌ప్రో," అంది చిన్నగా. సుధాకర్ ఆమె వంక చూశాడు, ఆమె సుధాకర్ వంక చూసింది. నేను తీశాను. ఫాక్స్‌ప్రో. అది నా అక్షరాలు కావు. ప్రవీణ్ తీసి, దగ్గి, నేల చూపులు చూస్తూ, "ఇదీ అదే," అన్నాడు.

మిగిలిన చీటీ పెంచలయ్య విప్పాడు. దాని మీదా ఫాక్స్‌ప్రోనే.

అయిదు చీటీలూ బల్ల మీద వరసగా పరుచుకున్నాయి. కింద కొట్లో ఎవరో పడవ ఇంజను పరీక్షిస్తున్నారు. ఆర్ముగం గారు చీటీల మీదికి వంగారు.

"జావా యాడికి పోయిందిరా?"

"తెలీదన్నా," అన్నాడు ప్రవీణ్.

"పైథాను?"

హేమ ఫ్యాను వైపు చూసింది.

"సుగుణమ్మా, పెద్దదానివి, నువ్వన్నా చెప్పు."

"అమ్మవారి మహిమేమోనండీ," అన్నాను.

ఆయన మమ్మల్నందర్నీ వరసగా చూశారు. అర్థమైందని నాకు తెలుసు. కళ్ళు చెమర్చాయి కూడా. అయినా "అమ్మోరి ముందర తీసినాం. తీసిన చీటీ తీసినట్టే. ఈ నెలంతా అందురిదీ ఫాక్స్‌ప్రోనే. ఇంకోటి ముట్టుకున్నోడికి తప్పు ఏస్తా," అన్నారు.

ఇది మాలో ఎవరూ ఊహించలేదు. పెంచలయ్య ఉద్యోగం నిలిచింది. కంపెనీయే నెల రోజులు ఆగిపోయింది.

ఫాక్స్‌ప్రో నెల

కస్టమర్లకు ఆర్ముగం గారే ఫోన్లు చేశారు. "ఈ నెల మీ తావులో చేప పడదు, వచ్చే నెల జూద్దాం," అని చెప్పేవారు. నాయుడుపేట గుమాస్తాకు మాత్రం ఇబ్బంది లేదు, చేత్తో రాసుకోవడం అలవాటే. రొయ్యల ఫ్యాక్టరీకి ఆయన స్వయంగా వెళ్ళి చివాట్లు తిని వచ్చారు. ఆ పూట భోజనం చెయ్యలేదు.

ఉన్నది ఒక్క ఫాక్స్‌ప్రో, మేం ఐదుగురం. కాబట్టి అందరం పెంచలయ్య కుర్చీ చుట్టూ చేరాం. మొదటి వారం అతను పడిన బాధ చెప్పలేను. "అది ముట్టుకోబాకండి." "అట్టా గాదు." "దాని జోలికి పోబాకండి." మేం అతని ఫైలు తెరిస్తే చేలో గొడ్లు పడ్డట్టు చూసేవాడు.

అయినా తిరగగా తిరగగా కొన్ని సంగతులు బయటపడ్డాయి. దూరం నుంచి వచ్చిన లోడుకు ఐసు నీళ్ళు ఎక్కువ దిగుతాయని, దగ్గరి లోడుకు తక్కువని, పాత ప్రోగ్రాంలో వేరువేరుగా తగ్గించే లెక్క ఉంది. ప్రవీణ్ చేస్తున్న కొత్తదాంట్లో అది లేదు. ఫ్యాక్టరీవాళ్ళు చెప్పలేదు, ఇతను అడగలేదు. అది అలాగే వెళ్ళుంటే దూరపు గుంటల రైతులూ ఫ్యాక్టరీవాళ్ళూ కాటా దగ్గరే కొట్టుకునేవాళ్ళు.

పెంచలయ్య గెలిచాడని అనుకోకండి. ఆ వారమే ప్రవీణ్ ఇంకో చోట ఆగాడు. లోడులన్నిటినీ సైజుల వారీగా విడదీసే ముక్క అది. పేజీల కొద్దీ ఉంది.

"ఇంత పొడుగెందుకన్నా? జావాలో దీన్ని రెండు ముక్కల్లో..." అని నాలుక కరుచుకున్నాడు.

"చూపీ," అన్నాడు పెంచలయ్య.

"ఈ నెల జావా ముట్టగూడదన్నా. పంచాయితీ పెడతారు."

"కాగితం మీద రాయి."

ప్రవీణ్ ఒక చిత్తు కాగితం మీద రాసి చూపించాడు. పెంచలయ్య దాన్ని చాలాసేపు చూశాడు. ఆ పేజీలన్నీ రాయడానికి ఒకప్పుడు అతనికి ఒక వానాకాలం పట్టింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆఫీసు అయ్యాక ఇద్దరం ఎదుటి టీ బంకు దగ్గర నిలబడ్డాం. అతనే మొదలుపెట్టాడు.

"చుట్టూ గుంటలు తవ్వినారక్కా. నేను వరే ఏసినా. నారు తెల్లంగా మాడిపొయ్యింది. మళ్ళా కారు పంటకు మళ్ళా వరే ఏసినా. మా నాయన ఏసినాడు, నేనెట్టా మానేది అని. పక్కనోడి గట్టు మీదికి పోయి, ఇదెట్టా చేస్తారన్నా అని ఒక్క నాడన్నా అడిగింటే..." గ్లాసు వంక చూస్తూ ఆగిపోయాడు. "అడగలేదక్కా. నామర్దా అనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. అతని ముందు ఏడిస్తే బాగుండదని, చక్కెర ఎక్కువైందని టీ బంకు అతన్ని తిట్టాను.

మీ ప్రశ్న సంగతి

ఒకటా నాలుగా అని అడుగుతున్నారు కదా. ఒక్కదాన్నే పట్టుకున్నవాడు దాని అలవాట్లనే లోకధర్మం అనుకుంటాడు. మారుతూ పోయేవాడికి తను చేసిన పని రెండో ఏడు ఏమైందో ఎప్పటికీ తెలియదు. ప్రవీణ్‌ను చూసి అసూయపడకండి. పెంచలయ్యను చూసి జాలిపడకండి. ముందు ఒక భాషలో కూర్చోండి. మీరు రాసినదాన్ని కొన్నాళ్ళయ్యాక మీరే చదువుకుని, ఎవడు రాశాడీ దరిద్రం అని తలకొట్టుకోవాలి. ఆ సిగ్గు తెలిశాక ఎన్ని భాషలకు వెళ్ళినా పరవాలేదు. అది తెలియకుండా వెళితే ఒకే తప్పును నాలుగు భాషల్లో చేస్తారు. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక ఆర్ముగం గారి పద్ధతి తప్పా ఒప్పా అంటే, ఆఫీసు నడపడానికి అది పిచ్చి పద్ధతి. ఇందులో నాకు అనుమానం లేదు. కానీ ఎవరి మూలలో వాళ్ళం కూర్చున్న మమ్మల్ని లేపి ఒకరి కుర్చీలో ఒకర్ని కూర్చోబెట్టినవాడు ఆయనొక్కడే. నా తర్వాతి ఉద్యోగాల్లో తెలివైన బాసులు చాలామంది వచ్చారు. వాళ్ళెవరికీ ఈ ఆలోచన రాలేదు.

మళ్ళీ అమావాస్య వచ్చింది. ఈసారి చీటీలు రాసేటప్పుడు ఆర్ముగం గారు వెనక నిలబడి, ఒక్కొక్కరి భుజం మీదుగా చూశారు. "ఎవురి పాత తావు వాళ్ళు రాయండి. అమ్మోరి మహిమ ఒకసారి జూసినాం, చాలు." రాశాం. ఐదు చీటీలు, ఐదు భాషలు. పెంచలయ్య షరతు మాత్రం ఎవరూ మరిచిపోలేదు. వేరే భాష వస్తే సంచీ తీసుకుంటాడు.

నేనూ సుధాకర్ తీసి, విప్పి చూసుకుని, పైకి చదవకుండా గుప్పిట్లోనే పెట్టుకున్నాం. మూడో చెయ్యి పెంచలయ్యదే. తనంతట తనే ముందుకు వచ్చాడు. చీటీ విప్పాడు. మనసులోనే చదువుకున్నాడు, మళ్ళీ చదువుకున్నాడు. అతని భుజం మీదుగా తొంగిచూసిన హేమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"జావా," అన్నాడు.

ఆర్ముగం గారు పటం వైపు తిరిగిపోయారు. మా నలుగురి చూపులూ కుర్చీకి వేలాడుతున్న సంచీ మీదికి పోయాయి. పెంచలయ్య దాని దగ్గరికే నడిచాడు. సంచీ తీసి బల్ల కింద పెట్టి, ఆ కుర్చీని ఎత్తుకెళ్ళి ప్రవీణ్ కుర్చీ పక్కన వేశాడు.

"అబ్బయా," అన్నాడు. "ఇది యాడ మొదలుపెట్టాలో నాకు తెలీదు. చూపీ."

ప్రవీణ్ గబగబా జరిగి చోటిచ్చాడు. పెంచలయ్య కూర్చోబోయి, మళ్ళీ లేచి మా వైపు తిరిగాడు.

"ఉండండి. ఫాక్స్‌ప్రో ఎవురికొచ్చిందో ముందు చెప్పండి. దాంట్లో యాడ కాలు పెట్టగూడదో ఆ మనిషికి చెప్పొచ్చి కూచుంటా."

నేను చెయ్యెత్తాను.